ప్రారంభోత్సవం మర్నాటి నుంచి
(సమకాలీన చిత్రశాలల్లో ప్రదర్శనలు, కళాకారుల కార్యక్రమాల గురించి లలితకళల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు, ఈ చిత్రశాల సిబ్బందికి నమస్కారాలు.

సమకాలీన కళను చూపించే గ్యాలరీలో ప్రదర్శన ఎలా జరగాలి, కళాకారులను పిలిచి పెట్టే కార్యక్రమాలు దేనికి ఉపయోగపడాలి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక్కటే. మన ఊళ్లలో చిత్రకళా ప్రదర్శన అంటే ఆచరణలో ప్రారంభోత్సవం జరిగే ఒక్క సాయంత్రం మాత్రమే అయిపోయింది. జ్యోతి వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు, ముఖ్య అతిథి నాలుగు మంచి మాటలు చెబుతారు, అందరూ ఫొటోలు దిగుతారు, మర్నాడు పేపర్లో వార్త వస్తుంది. ఆ తర్వాత వారం పది రోజులు గోడల మీద బొమ్మలు ఉంటాయి, పైన లైట్లు వెలుగుతుంటాయి, తలుపు దగ్గర వాచ్‌మన్ కూర్చుని ఉంటాడు, చూసేవాళ్లు మాత్రం ఉండరు. మూడేళ్లు కష్టపడి చేసిన పనిని మూడు గంటల సందడికి అప్పగించి ఊరుకోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. గ్యాలరీ గొప్పతనాన్ని ప్రారంభోత్సవానికి వచ్చిన జనాన్ని బట్టి కాక, నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గదిలో ఏం జరుగుతోందన్న దాన్ని బట్టి కొలవాలని నా అభిప్రాయం. ఇవాళ చెప్పే ఉదాహరణలన్నీ ఆ అభిప్రాయం చుట్టూనే తిరుగుతాయి.

మన దేశంలో ఆధునిక కళకు గ్యాలరీలు ఎలా పుట్టాయో ఒకసారి చూడండి. బొంబాయిలో కేకూ గాంధీ 1941లో పటాలకు ఫ్రేములు తయారుచేసే వ్యాపారం మొదలుపెట్టారు. కెమూల్డ్ అన్నది ఆ ఫ్రేముల వ్యాపారం పేరే. కె.కె.హెబ్బార్, కె.హెచ్.ఆరా వంటి చిత్రకారుల బొమ్మలను ఆయన తన దుకాణం అద్దాల వెనక, వీధిలోకి కనిపించేలా పెట్టేవారు. అప్పటికి వాళ్ల బొమ్మలు కొనేవాళ్లు తక్కువ, పెట్టడానికి చోటు అంతకన్నా తక్కువ. 1952లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వచ్చింది. 1963లో కేకూ, ఆయన భార్య ఖోర్షెద్ అదే భవనం మేడ మీద గ్యాలరీ కెమూల్డ్ తెరిచారు. అంటే మన తొలి గ్యాలరీల్లో ఒకటి, బొమ్మ రోజూ ఎవరో ఒకరి కంట పడాలన్న ఆరాటంలోంచి వచ్చింది. ఆ తర్వాత ఎక్కడో మనం దారి తప్పి, ఆహ్వాన పత్రిక అచ్చు వేయించడమే ప్రదర్శన నిర్వహణ అనుకోవడం మొదలుపెట్టాం.

అదే గ్యాలరీ కెమూల్డ్‌లో 1992లో జరిగిన ఒక ప్రదర్శన గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చిత్రకారిణి నళినీ మలానీ కాన్వాసులు, ఫ్రేములు ఏవీ తేకుండా, గ్యాలరీ గోడల మీదే నేరుగా బొమ్మలు గీశారు. ఆ పనికి ఆమె పెట్టిన పేరుకు తెలుగులో కోరికల నగరం అని అర్థం చెప్పుకోవచ్చు. పదిహేను రోజులు జనం వచ్చి చూశారు. ఆ తర్వాత ఆ గోడలకు మళ్లీ తెల్లరంగు వేసేశారు. కొనడానికి ఏమీ మిగల్లేదు, ఇంటికి పట్టుకెళ్లడానికీ ఏమీ మిగల్లేదు. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో పాత కుడ్యచిత్రాలు పట్టించుకునేవాళ్లు లేక పాడైపోతున్నాయన్న ఆవేదన ఆ పనిలో ఉంది. దేశంలో మతం పేరిట విద్వేషం పెరుగుతున్న ఆ ఏడాది మీద ఆందోళన కూడా ఉంది. పాత గోడ మీది బొమ్మ చెరిగిపోతుంటే మనకు పట్టదు కదా, మరి మీ కళ్ల ముందు ఉన్న ఈ బొమ్మ చెరిగిపోతే ఎలా ఉంటుందో చూడండి అని ఆమె అడిగినట్టయింది.

ఆ ప్రదర్శనకు వెళ్లిన మనిషి పరిస్థితి ఊహించండి. ఈ బొమ్మ ఇంకొన్ని రోజులే ఉంటుందని తెలిశాక చూపు మారిపోతుంది. మొదటి రోజు చూసినవాడు మళ్లీ ఒకసారి రావాలనుకుంటాడు. ఆలస్యం చేస్తే మిగిలేది తెల్లగోడేనని తెలుసు. ప్రారంభోత్సవానికి ఉన్న విలువంతా ముగింపు రోజుకు, ఆ మధ్య రోజులకు మారింది. తర్వాతి కాలంలో మలానీ ఇతర చోట్ల గోడల మీద గీసిన బొమ్మలను ప్రదర్శన చివర చెరిపివేయడాన్నే ఒక బహిరంగ కార్యక్రమంగా మలిచారు. 1992 నాటి ఆ గోడలు ఎలా ఉండేవో ఇవాళ మనం మాట్లాడుకోగలుగుతున్నామంటే వాటిని వీడియో తీసి ఉంచినందువల్లే. ఈ సంగతికి చివర్లో మళ్లీ వస్తాను, ఎందుకంటే మన దగ్గర అతి పెద్ద లోపం అక్కడే ఉంది.

ఇక మన నేల మీద పుట్టిన ఒక మహా కళాకారుడి దగ్గరికి వద్దాం. కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో చదువుకున్నారు. లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 అనే, పలక మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే ముద్రణ చిత్రాల కార్యశాలలో పనిచేశారు, తర్వాత దానికి సహ దర్శకులయ్యారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, 2018లో అక్కడే కన్నుమూశారు. 2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హాష్మీల ముద్రణ చిత్రాలను కలిపి ప్రదర్శన పెట్టింది. ప్రపంచమంతటా ముద్రణ చిత్రకారులు గురువుగా తలచుకునే ఈ మనిషి పేరు చిత్తూరు జిల్లాలోనే ఎంతమంది విద్యార్థులకు తెలుసు?

ఆయన పద్ధతి గురించి చెబుతాను, ఎందుకంటే ముద్రణ చిత్రాల ప్రదర్శన ఎలా పెట్టాలో ఆ పద్ధతిలోనే ఉంది. మామూలుగా నాలుగు రంగుల అచ్చు తీయాలంటే ఒక్కో రంగుకు ఒక్కో పలక చేసి, కాగితాన్ని మళ్లీ మళ్లీ ప్రెస్సులోంచి పంపాలి. కృష్ణారెడ్డి, ఆయన సహచరులు ఒకే పలకతో, ఒకే అచ్చులో అనేక రంగులు తెచ్చారు. లోహపు పలకను ఆమ్లం తినేలా చేసి, పనిముట్లతో చెక్కి, దాని ఉపరితలం మీద ఎత్తుపల్లాలు ఏర్పరుస్తారు. గట్టి రోలరు ఎత్తుగా ఉన్న భాగాలకే రంగు అంటిస్తుంది. మెత్తటి రోలరు కిందికి దిగి పల్లాల్లో ఇంకో రంగు అంటిస్తుంది. ఒక్కో రంగులో కలిపే నూనె పాళ్లు వేరుగా ఉంటాయి కనుక అవి ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోకుండా పక్కపక్కనే నిలబడతాయి. ఆయన మొదట్నుంచీ శిల్పి. ఆ పలక నిజానికి ఒక పలచటి శిల్పమే, వేళ్లతో తడిమి చూడదగ్గది.

ఇలాంటి చిత్రాన్ని అద్దం వెనక బిగించి, కింద ‘మిక్స్‌డ్ కలర్ ఇంటాలియో’ అని చిన్న అక్షరాలతో రాసి వదిలేస్తే, చూసేవాడికి రంగురంగుల కాగితం కనిపిస్తుందే తప్ప ఆ పని కనిపించదు. పక్కనే ఒక బల్ల వేసి, ఒక పలక, రెండు రోలర్లు, పలచగా ఒకటి చిక్కగా ఒకటి రెండు గిన్నెల్లో రంగు పెట్టి, ఒక భూతద్దం ఉంచి, వారంలో ఒక పూట ముద్రణ చిత్రకారుడొకరు అక్కడ నిలబడి అచ్చు తీసి చూపిస్తే ఆ గది స్వరూపమే మారిపోతుంది. కాగితాన్ని పలక మీంచి పైకెత్తే ఆ క్షణం కోసం జనం ఊపిరి బిగబట్టి చూడటం నేను చాలాసార్లు గమనించాను. కృష్ణారెడ్డి జీవితమంతా ఊరూరా, దేశదేశాలా తిరిగి చేసింది ఆ పనే. ఆయన ప్రదర్శనకు, కార్యశాలకు మధ్య గోడ పెట్టుకోలేదు.

ముద్రణ చిత్రాల విషయంలో ఇంకో చిన్న సంగతి. బొమ్మ అడుగున పెన్సిలుతో 7/30 అని రాసి ఉంటుంది. చాలామంది అది తేదీ అనుకుంటారు. ముప్పై ప్రతులు తీశారు, ఇది ఏడోది అని దాని అర్థం. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్ (ఆమ్లంతో పలక మీద గీతలు చెక్కి తీసిన అచ్చు) ముందు నిలబడి ఆ అంకె చూసి తికమక పడిన మనిషికి ఆ ఒక్క వాక్యం తెలుగులో రాసి పెట్టి ఉంటే, అచ్చు తీసిన బొమ్మ ఒరిజినల్ ఎలా అవుతుందన్న సందేహం కూడా అక్కడే తీరుతుంది. హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో జరిగే చాలా ప్రదర్శనల్లో లేబుళ్లన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి, క్యురేటర్ (ప్రదర్శనను రూపొందించినవారు) రాసిన పరిచయం కూడా ఇంగ్లిషులోనే, అది కూడా ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లకు సైతం కొరుకుడుపడని ఇంగ్లిషులో ఉంటుంది. బొమ్మలోని మనుషులేమో మెదక్, కరీంనగర్ పల్లెల మనుషులు. ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్లు చదవలేని రాత ఆ బొమ్మ పక్కన ఎందుకు ఉండాలి? తెలుగు లేబులు రాయించడానికి అయ్యే ఖర్చు ప్రారంభోత్సవం రోజు పూలదండలకయ్యే ఖర్చు కన్నా తక్కువ.

వేలాడదీసే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా కట్టడం చాలా గ్యాలరీల్లో అలవాటు. అది సగటు మనిషి కంటిచూపు ఎత్తు. కాగితం మీది పనులకు వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకపోవడం మంచిది, లేదంటే రంగు వెలుస్తుంది, కాగితం పసుపెక్కుతుంది. ఇవి నేర్చుకుంటే వచ్చేస్తాయి. స్కూలు పిల్లల్ని రప్పించే రోజున వాళ్ల కంటి ఎత్తు వేరని గుర్తుపెట్టుకుని చిన్న స్టూళ్లు రెండు వేయడం మాత్రం మనసు పెడితేనే వస్తుంది.

బొమ్మ పక్కన నిలబడి చెప్పే మనిషి ఉండాలన్నది మనకు బయటినుంచి వచ్చిన ఆలోచన అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలంగాణలో చేర్యాల నకాషీలు అనే చిత్రకారుల కుటుంబాలు పొడవాటి బట్ట చుట్ట మీద గీసే పటం ఎవరికోసం? ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి మొదట్లో ఎవరూ గీయించుకోలేదు. కథ చెప్పేవాళ్లు గీయించుకున్నారు. కాకిపడిగెల వాళ్లు ముదిరాజుల ఊళ్లకు వెళ్లి, పటాన్ని విప్పుతూ, ఒక్కో గడిలోని బొమ్మను చూపిస్తూ, పాటతో మాటతో రాత్రుళ్లు కథ నడిపేవారు. ఎర్రటి నేపథ్యం మీద ఒక గడి తర్వాత ఇంకో గడి తెరుచుకుంటుంది, చూసేవాళ్లు తర్వాతి గడి కోసం ఎదురుచూస్తారు, నడుమ ప్రశ్నలు అడుగుతారు, తమ కులపు మూలకథలో తమ తాతముత్తాతల్ని వెతుక్కుంటారు. చిత్రం, చెప్పేవాడు, చూసేవాళ్లు ముగ్గురూ ఒకేచోట, ఒకే సమయంలో ఉంటారు. ఇవాళ ఆ పటాలను ముక్కలుగా ఫ్రేము కట్టి హస్తకళల దుకాణాల్లో అమ్ముతున్నాం. నకాషీ కుటుంబాలకు అది బతుకుదెరువు, దాన్ని తప్పుపట్టను. కాని సమకాలీన గ్యాలరీ ఒకటి పూర్తి పటాన్ని, కథ చెప్పే బృందాన్ని కలిపి మూడు రాత్రులు కూర్చోబెడితే, అంతకన్నా మంచి కళాకారుల కార్యక్రమం మన దగ్గర ఇంకొకటి ఉండదు.

ఇప్పుడు ఆర్టిస్ట్ టాక్ అని మనం పిలుచుకునే కార్యక్రమం సంగతి. సాధారణంగా ఏం జరుగుతుందంటే, చిత్రాలున్న గదిలో కాకుండా పక్క హాలులో కుర్చీలు వేస్తారు, తెర మీద చిత్రాల ఫొటోలు వేస్తారు, కళాకారుడు మైకు ముందు కూర్చుని తన జీవిత విశేషాలు చదువుతాడు. అసలు చిత్రం పది అడుగుల దూరంలో పక్క గదిలో ఉండగా దాని ఫొటో తెర మీద చూడటమెందుకు? కళాకారుణ్ణి తన పని ముందే నిలబెట్టండి, మైకు అక్కర్లేదు, ఇరవైమంది చుట్టూ చేరితే చాలు. ఈ గీత ముందు వచ్చిందా, ఆ రంగు ముందు వేశారా అని అడిగితే ఆయన వేలు పెట్టి చూపించగలగాలి. ఎక్కడ ఆగిపోయారో, దేన్ని గీకేసి మళ్లీ వేశారో చెప్పగలగాలి. తాను ఏ భావాన్ని వ్యక్తం చేశాడో చెప్పమని మాత్రం కళాకారుణ్ణి పీడించకండి. పని గురించి అడిగితే భావం దానంతటదే బయటికి వస్తుంది.

ఒక ప్రదర్శనలో ఇలాగే నడుస్తూ మాట్లాడుకుంటుంటే, దుకాణాలకు బోర్డులు రాసే పెద్దాయన ఒకరు వెనకనుంచి ముందుకు వచ్చారు. కాన్వాసు మీద ఒక చీర అంచు గీతను చూపించి, ఇంత పొడవు గీత మధ్యలో చెయ్యి ఎత్తకుండా ఎలా లాగారు, మేమైతే చెయ్యి వణక్కుండా కింద ఆనించుకునే కర్ర పెట్టుకుంటాం అన్నారు. చిత్రకారుడు నవ్వి, తానూ అలాంటి కర్రే వాడతానని, అది లేకుండా ఆ అంచు రాదని చెప్పారు. తర్వాత పావుగంట వాళ్లిద్దరూ కుంచె వెంట్రుకల గురించి, ఎనామిల్ రంగుకు, యాక్రిలిక్ రంగుకు ఉన్న తేడా గురించి మాట్లాడుకున్నారు. చుట్టూ ఉన్న మేమంతా ఆ చిత్రాన్ని అంతకుముందు చూడనే లేదనిపించింది. ఆ పెద్దాయన ప్రారంభోత్సవానికి వచ్చేవారు కాదు. ఆయనకు ఆహ్వానం పంపే అలవాటు మనకు లేదు.

పెద్ద ఎత్తున ఈ పని చేసి చూపించింది కేరళ. 2012 డిసెంబరు 12న బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు కొచ్చి-ముజిరిస్ బినాలే (రెండేళ్లకోసారి జరిగేలా తలపెట్టిన పెద్ద కళా ప్రదర్శన) ప్రారంభించారు. ఫోర్ట్ కొచ్చిలో సముద్రం ఒడ్డున పాతకాలపు వర్తకుల గిడ్డంగులు, ఆస్పిన్‌వాల్ హౌస్ వంటివి ప్రదర్శనశాలలయ్యాయి. 2016 డిసెంబరులో మొదలైన మూడో బినాలే 108 రోజులు సాగింది. అందులో చిలీ కవి రౌల్ జురీటా చేసిన పనిని చెప్పకుండా ఉండలేను. ఆస్పిన్‌వాల్ హౌస్‌లోని పొడవైన గిడ్డంగి నేలంతా సముద్రపు నీరు నింపారు. అవతలి గోడ మీద ఏదో రాసి ఉంది. అది చదవాలంటే చెప్పులు విడిచి, బట్టలు పైకి మడుచుకుని, ఆ నీళ్లలో నడుస్తూ వెళ్లాలి. 2015లో మధ్యధరా సముద్రంలో మునిగి చనిపోయిన సిరియా శరణార్థి పిల్లల్లో అలాన్ కుర్దీ ఫొటో ప్రపంచమంతా చూసింది. అతనితో పాటే చనిపోయిన అన్న గాలిప్‌ను మాత్రం పెద్దగా ఎవరూ తలచుకోలేదు. జురీటా ఆ పనిని గాలిప్‌కు అంకితం చేశారు. కాళ్లకు నీరు తగులుతుండగా ఆ పేరు చదివినవాళ్లు తర్వాత ఆ వరండాల్లో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. చేపలు పట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, స్కూలు పిల్లలు ఆ నీళ్లలో నడిచారు. వంద రోజులకు పైగా తెరిచి ఉంచితేనే అలాంటి జనం వస్తారు. ఒక్క సాయంత్రంలో రారు. 2014 నుంచి అక్కడ విద్యార్థుల బినాలే కూడా జరుగుతోంది. మీరు దాని గురించి తెలుసుకుని మీ పనులు పంపించే ప్రయత్నం చేయండి.

చివరిగా, దాచిపెట్టడం గురించి. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో కన్నుమూశారు. అంత చిన్న వయసులో పోయిన చిత్రకారుడి పనిని ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే, ఆయన మిత్రులు, శిష్యులు, ముఖ్యంగా వరదా వెంకటరత్నం గారు వాటిని కాపాడి, ఆయన పేర చిత్రశాల నిలబెట్టినందువల్లే. హైదరాబాదు నారాయణగూడలో చిత్రకారుడు పి.టి.రెడ్డి గారు తన పనిని తానే సుధర్మ అనే చిత్రశాలలో భద్రపరచుకున్నారు. ఇద్దరి విషయంలోనూ మనుషుల పట్టుదలే పనిచేసింది. మనం ఇవాళ పెట్టే ప్రదర్శనల్లో చాలావాటికి పదేళ్ల తర్వాత ఆహ్వాన పత్రిక తప్ప ఇంకేమీ మిగలదు. ఏ గోడ మీద ఏ చిత్రం ఉందో ఫొటో ఉండదు, కళాకారుడు మాట్లాడిన మాటలు రికార్డు చేసి ఉండవు, ఎవరు ఏం కొన్నారో పుస్తకంలో ఉండదు.

దీనివల్ల డబ్బు నష్టం కూడా ఉందని విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 53ఏ సెక్షను ప్రకారం, మీరు అమ్మిన అసలు చిత్రం తర్వాత పది వేల రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే అందులో వాటా కోరే హక్కు మీకు, మీ తర్వాత మీ వారసులకు ఉంటుంది. ఆ వాటా మళ్లీ అమ్మిన ధరలో పది శాతానికి మించదు. చిత్రం అమ్మినంత మాత్రాన, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, దాని కాపీరైటు కొన్నవారికి పోదు. కాని ఏ చిత్రం ఏ సంవత్సరం, ఏ కొలతల్లో, ఎవరి చేతికి వెళ్లిందన్న రికార్డు లేకపోతే ఈ హక్కును ఎక్కడ నిలబెట్టుకుంటారు? కాబట్టి మీ మొదటి గ్రూప్ షో నుంచే ఒక రిజిస్టరు పెట్టుకోండి. చిత్రం పేరు, మాధ్యమం, కొలతలు, సంవత్సరం, ఫొటో, ధర, కొన్నవారి పేరు అందులో ఉండాలి. దాని వెనక పేజీల్లో ఆ రోజు గ్యాలరీకి ఎవరొచ్చారు, ఏం అడిగారు అన్నది కూడా రాసుకోండి. బోర్డులు రాసే పెద్దాయన అడిగిన ప్రశ్న క్యాటలాగులో వ్యాసం కన్నా విలువైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఈ ఏడాది మీ కళాశాల వార్షిక ప్రదర్శనకు నాదొక విన్నపం. పది రోజులు తెరిచి ఉంచండి, రోజుకు ఒకరు చొప్పున మీలో పదిమంది మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు తమ పని దగ్గరే నిలబడండి. తెలుగులో మాట్లాడండి, తెలుగులో రాసిపెట్టండి. పక్క వీధిలోని బడికి, వడ్రంగి దుకాణానికి, ప్రింటింగ్ ప్రెస్సుకు స్వయంగా వెళ్లి పిలవండి. వచ్చే నెల మనం మళ్లీ కలిసినప్పుడు ఆ రిజిస్టరు తీసుకురండి, కలిసి చదువుదాం.

ఇప్పుడు పక్క గదిలో ఎచింగ్ పలకలు, చిన్న ప్రెస్సు సిద్ధంగా ఉన్నాయి. మిగిలిన ప్రశ్నలు అక్కడ, బొమ్మల ముందే అడగండి. నమస్కారం.